రెండు పియానోల కచేరీ: జమా ఖర్చుల వివరణ

కాయిర్ (బృందంగా పాడేవాళ్ల సంఘం) సభ్యులకు, టికెట్లు కొని వచ్చినవారికి, చందాలిచ్చిన పెద్దలకు నమస్కారం.

ఆగస్టు చివరి శనివారం సికింద్రాబాద్‌లో మన కాయిర్ సహాయార్థం జరిపిన కచేరీ లెక్కలు ఇవి. పదిహేను రోజుల్లో చెబుతామన్నాం, రెండు నెలలు పట్టింది. హాలు డిపాజిట్ తిరిగి రావడం ఆలస్యమైంది. ఇస్తామన్న చందాల కోసం కూడా కొన్నాళ్లు ఆగాం. ఈలోగా రకరకాల మాటలు మా చెవిన పడ్డాయి. ఆలస్యానికి మన్నించమని అడుగుతున్నాం. మాటలకు మాత్రం లెక్కతోనే జవాబు చెబుతాం.

జమ: 300 రూపాయల టికెట్లు 214, విద్యార్థుల 100 రూపాయల టికెట్లు 61, కలిపి 70,300. రసీదు పుస్తకం ద్వారా వచ్చిన చందాలు 58,500. ప్రోగ్రాం పుస్తకంలో నాలుగు ప్రకటనలకు 20,000. చాయ్, సమోసాల అమ్మకం 4,260. మొత్తం జమ 1,53,060 రూపాయలు.

ఖర్చు: హాలు అద్దె 18,000. టికెట్లు, పోస్టర్లు, ప్రోగ్రాం పుస్తకం అచ్చు 8,650. లైట్లు, జనరేటర్ డీజిల్ 6,300. ప్రకటనలు చదవడానికి మైకు 2,500 (పియానోలకు మైకు పెట్టలేదు). స్వరాల పుస్తకాలు 4,380. చాయ్, సమోసాలు 5,120. పాడినవాళ్లకు, హమాలీలకు ఇచ్చినవీ ఇందులోనే ఉన్నాయి కాబట్టి అమ్మకం కంటే ఖర్చు ఎక్కువ కనిపిస్తుంది. వాయించిన ఇద్దరికీ జ్ఞాపికలు 1,800. వాళ్లిద్దరూ ఈ ఊరివాళ్లే. రెండు నెలలు రోజూ సాయంత్రం సాధన చేసి, ఆటో ఛార్జీలు కూడా తీసుకోలేదు. వాళ్ల రుణం ఈ జ్ఞాపికలతో తీరేది కాదు.

ఇక అందరూ అడుగుతున్న విషయం. రెండో పియానో అద్దె 22,000. దాన్ని తేవడానికి, తిరిగి పంపడానికి 16,500. ట్యూనింగ్ (శ్రుతి సరిచేయడం) 16,500. ట్యూనర్ రైలు ఛార్జీలు, బస 6,840. కలిపి 61,840. అంటే ఖర్చులో సగానికి పైగా పియానోలకే పోయింది. జూన్ మీటింగ్‌లో ఇదే పద్దు 35,000 లోపు అవుతుందని చెప్పింది మేమే. 26,840 ఎక్కువైంది. ‘పాడేవాళ్ల కోసం వసూలు చేసి పియానోలకు పెట్టారు’ అని అన్నవాళ్లకు కోపం రావడం సహజమే. ఏం జరిగిందో వినమని అడుగుతున్నాం.

హాల్లో గ్రాండ్ పియానో ఉంది కదా, ఇంకొకటి అద్దెకు తెస్తే చాలు అనుకున్నాం. ఆ పియానోను ముందుగా ఎవరికైనా చూపించాల్సింది. చూపించకుండానే అంచనా వేయడం మా పొరపాటు, ఒప్పుకుంటున్నాం. కచేరీకి పది రోజుల ముందు తెలిసింది, ఏళ్ల తరబడి ట్యూనింగ్ లేక దాని శ్రుతి దాదాపు పావు స్వరం దిగిపోయిందని. ఒక్కటే వాయిస్తే చాలామందికి తెలియదు. పక్కన సరైన శ్రుతిలో ఇంకో పియానో మోగితే మాత్రం ఒక్క నిమిషం కూడా వినలేం. అద్దె పియానో శ్రుతిని కిందికి దించుదామంటే దాని యజమాని ఒప్పుకోలేదు. అది న్యాయమే.

ఊళ్లో మాకు తెలిసిన ట్యూనర్లకు ఆ వారం ఖాళీ లేదు. చెన్నై నుంచి పిలిపించాం. ఆయన రెండుసార్లు రావాల్సి వచ్చింది. పియానోకు 88 మెట్లే (వేళ్లతో నొక్కే మీటలు) అయినా తీగలు 200 పైనే ఉంటాయి, ఎక్కువ మెట్లకు మూడేసి తీగలు. అంత దిగిన శ్రుతిని ఒక్కసారే పైకి లాగితే నిలవదు. ఒక తీగ బిగిస్తే ముందు బిగించినవి మళ్లీ జారతాయి. అందుకే మొదట ఒకసారి పైకి లాగి, కొన్ని రోజులు ఆగి, మళ్లీ సరిచేయాలి. మొదటిసారి హాలు పియానోకు 7,500, కచేరీ ముందురోజు రెండింటికీ కలిపి 9,000 ఇచ్చాం. ఆ రోజు పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా మా కోశాధికారి అక్కడే కూర్చున్నారు. ట్యూనర్ ఎర్ర ఫెల్టు పట్టీని తీగల మధ్య దూర్చి రెండింటిని మూగ చేసి, మూడో తీగ చుట్టిన మేకును స్పానర్ లాంటి పనిముట్టుతో వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ అదే మెట్టు నొక్కి విని... ఇలా ఒక్కో తీగకూ. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. ఆయన కోశాధికారికి బంధువన్న మాట అబద్ధం. అంతకుముందు ఒకరి మొహం ఒకరు చూడలేదు. బిల్లులు రెండూ ఫైల్లో ఉన్నాయి.

ఒక్క రోజు కచేరీకి మూడు రోజుల అద్దె ఎందుకని అడిగారు. వానల్లో తార్నాక నుంచి వ్యానులో వచ్చిన చెక్క వస్తువు అది. కొత్త చోటి గాలికి సర్దుకోకముందు ట్యూన్ చేస్తే తెల్లారేసరికి మారిపోతుంది. రవాణాలో డీసీఎం వ్యాను కిరాయి రానుపోను 7,000, హమాలీలకు 9,500. హాలు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. కాళ్లు విప్పి, దుప్పట్లు చుట్టి, మూడు వందల కిలోల పైబడ్డ దాన్ని ఎనిమిది మంది మెట్ల మీదుగా మోశారు. హమాలీలకు ఇచ్చిన దానికి బిల్లు లేదు, మేస్త్రీ సంతకంతో వోచర్ ఉంది. స్టేజీ మీద చక్రం గీరుకుపోయిందని డిపాజిట్‌లో 1,500 కోసుకున్నారు, అదీ ఖర్చులో రాశాం.

కీబోర్డు సరిపోయేది కదా, ఒకే పియానో మీద నాలుగు చేతులతో వాయించొచ్చు కదా అన్నారు. ఆ రోజు వాయించిన మోజార్ట్ సొనాటా 1781లో రెండు పియానోల కోసమే రాసింది. ఒకరు వేసిన వరుసను ఇంకొకరు అందుకుంటారు, ఇద్దరికీ మొత్తం మెట్లు కావాలి. ఒకే పియానో మీద చేతులు కొట్టుకుంటాయి. రెండు పియానోల కచేరీ అని టికెట్లు అమ్మి కీబోర్డు పెట్టడం మాకు మనసొప్పలేదు.

మొత్తం ఖర్చు 1,10,090. నిల్వ 42,970. చేతిలో డబ్బు చాలక ఇద్దరు కమిటీ సభ్యులు సర్దిన 20,000 టికెట్ల డబ్బు రాగానే వడ్డీ లేకుండా తిరిగి ఇచ్చాం.

నిల్వలో 30,000 ప్రాక్టీస్ గదికి ఏడాది అద్దెగా, నెలకు 2,500 చొప్పున, వేరుగా పెట్టాం. మిగిలిన 12,970 క్రిస్మస్‌కు పాడే పాటల కాపీలకు, ప్రయాణాలకు.

బాధతో ఒక మాట. ఇస్తామని చెప్పిన చందాల్లో ఏడుగురి నుంచి 31,000 ఇంకా రాలేదు. వాళ్లలో ముగ్గురి పేర్లు దాతలుగా ప్రోగ్రాం పుస్తకంలో అచ్చయ్యాయి. అవి వస్తే పియానోల మీద ఎక్కువైన ఖర్చు పూర్తిగా తీరిపోయి ఇంకా మిగిలేది. మూడుసార్లు ఫోన్ చేశాం. ఇబ్బందిలో ఉంటే ఆ మాటే చెప్పండి, జాబితా నుంచి తీసేస్తాం. పేర్లు మాత్రం బయటపెట్టం.

రసీదు పుస్తకం, బిల్లులు, వోచర్లు వచ్చే రెండు ఆదివారాలు ప్రాక్టీస్ అయ్యాక గదిలోనే టేబుల్ మీద ఉంటాయి. ఎవరైనా చూడొచ్చు. తప్పు కనిపిస్తే పెన్సిల్‌తో పక్కన రాయండి, మరుసటి వారం అందరి ముందూ జవాబు చెబుతాం.

ఇట్లు,
కచేరీ నిర్వహణ కమిటీ