అరుణా మిల్లర్ గారికి ఓటు లేని తండ్రి ఉత్తరం

గౌరవనీయులైన మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అరుణా మిల్లర్ గారికి,

నమస్కారం. మీ రాష్ట్రంలోనే, మాంట్‌గొమరీ కౌంటీలో పదమూడేళ్లుగా ఉంటున్నాను. టాక్సు కడతాను. ఓటు లేదు.

2023 జనవరి 18న రాష్ట్ర రాజధాని అనాపొలిస్‌లో మీరు భగవద్గీత మీద ప్రమాణం చేసినప్పుడు మా వాట్సాప్ గ్రూపులన్నీ "మన హైదరాబాద్ అమ్మాయి" అంటూ ఊగిపోయాయి. పుట్టింటి పేరు కాట్రగడ్డ అని తెలిశాక అసలు ఏ ఊరివాళ్లని ఆరా తీసినవాళ్లూ ఉన్నారు. మనవాళ్లకు అది మామూలే కదండీ. నేనూ ఆఫీసులో స్వీట్లు పంచాను. దక్షిణాసియా మూలాలున్న మహిళ ఏ రాష్ట్రంలోనూ అంతకుముందు ఈ పదవికి ఎన్నిక కాలేదు మరి.

సంబరం తగ్గాక కూర్చుని మీ కథను లెక్కేసుకున్నాను. 1972లో, ఏడేళ్ల వయసులో అమెరికా వచ్చారు. దిగిన రోజు మంచు పడుతుంటే, మీకు స్వాగతం చెబుతూ రంగు కాగితాలు చల్లుతున్నారనుకున్నానని మీరే చెబుతుంటారు. మిస్సోరీలో సివిల్ ఇంజనీరింగ్, మన కౌంటీ రవాణా శాఖలో దాదాపు పాతికేళ్ల ఉద్యోగం. 2000లో పౌరసత్వం వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి రాష్ట్ర శాసనసభకు, అంటే హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌కి గెలిచారు. 2018లో అమెరికా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) సీటు కోసం పార్టీలో జరిగే ప్రైమరీ ఎన్నికలో ఓడినా, 2022లో రాష్ట్రంలో రెండో పదవికి ఎన్నికయ్యారు.

మా అమ్మాయి కూడా ఏడేళ్లకే వచ్చింది. మా ఇంట్లోనూ కాగితాలకు కొదవ లేదు, అన్నీ ఐ-797లే, ఇమిగ్రేషన్ వాళ్లు పంపే నోటీసులు. హెచ్-1బీ ఉద్యోగ వీసా వాళ్ల పిల్లలకు 21 నిండితే, తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ హెచ్-4 వీసా పోతుంది. స్టూడెంట్ వీసాకైనా మారాలి, పెట్టె అయినా సర్దుకోవాలి. ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చేది దాదాపు 1,40,000 గ్రీన్‌కార్డులు. అందులో ఏ దేశానికైనా మామూలుగా 7 శాతమే హద్దు. ఇండియాలో పుట్టినవాళ్ల క్యూ ఎప్పటికి కదులుతుందో మా లాయరే చెప్పలేకపోతున్నారు. వేల బళ్లను ఒక్క లేన్‌లోకి తోస్తే ఏమవుతుందో రోడ్ల ఇంజనీరుకు నేను చెప్పాలా?

1989లో పట్టా అందుకునేనాటికి మీకు 24 ఏళ్లు. మా అమ్మాయి వరుసలో మీరుండి ఉంటే, ఆ పట్టాకు మూడేళ్ల ముందే గడువు ముగిసిపోయేది.

వీసాలు మీ చేతిలో లేవని తెలుసు. కానీ అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ అని ఒక బిల్లుంది. ఇలాంటి పిల్లల కోసమే 2021లో కాంగ్రెస్‌లో పెట్టారు, మళ్లీ 2023లోనూ పెట్టారు. రెండుసార్లూ గట్టెక్కలేదు. వాషింగ్టన్‌లో ఉన్న మన రాష్ట్ర సభ్యులను పిలిచి దాని సంగతేమిటో అడగండి. మీరడిగితే కాదనడం కష్టం. ఏడేళ్లకు వచ్చిన పిల్లను ఉండనిస్తే ఏమవుతుందో వాళ్ల ఎదురుగానే ఉంటుంది.

వచ్చే సంక్రాంతికి మా అమ్మాయికి 21 నిండుతాయి. ఆలోపు ఒక్క అరగంట ఇప్పించండి, అనాపొలిస్ వస్తాం. తను కూడా సివిల్ ఇంజనీరింగే. మాట్లాడేది తనే. ఆ రోజు క్లాసుంటే ఎగ్గొడుతుందట.

ఇట్లు,
ఒక తండ్రి
జర్మన్‌టౌన్, మేరీల్యాండ్