తెల్ల రెక్కల గల్ పక్షుల కోసం

నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. ఆఫీసు ఎప్పటిలాగే ఉంది, రాయడానికేమీ లేదు. అమ్మ మోకాలి వ్యాయామం మానేసిందని చెల్లి చెప్పింది. దగ్గరుండి చేయించండి.

ఈ చలిలో సముద్రం ఒడ్డున పక్షుల్ని చూడ్డమేమిటని అమ్మ ఫోన్లో కోప్పడింది. మీరు ఏమీ అనలేదు గానీ, మీకూ అదే దిగులని తెలుసు. ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించండి.

తెల్ల రెక్కల గల్ పక్షులు (గల్ అంటే సముద్రం ఒడ్డున తిరిగే సీగల్) ఆర్కిటిక్ వైపు నుంచి మసాచుసెట్స్ తీరానికి దిగేది చలికాలంలోనే. గ్లాస్టర్ రేవులో పడవలు చేపలు దించే వేళకి గుంపులు మూగుతాయి. వాటిలో దాదాపు అన్నీ హెర్రింగ్ గల్, గ్రేట్ బ్లాక్ బ్యాక్డ్ గల్ పక్షులే. ముందు వీటినే అన్ని వయసుల్లోనూ కంటికి అలవాటు చేసుకోవాలి. పెద్ద గల్ జాతుల పిల్లకి ఎదిగిన పక్షి ఈకలు రావడానికి నాలుగేళ్లు పడుతుంది, ఏటేటా రూపు మారుతుంది. ఆ రూపాలన్నీ తెలిస్తే, రెక్క కొసల్లో నలుపు లేని పక్షి గుంపులో దానంతటదే కంటబడుతుంది.

తెల్ల రెక్కల గల్‌లలో అది గ్లాకస్ జాతా, ఐస్‌లాండ్ జాతా అన్నది తర్వాతి తంటా. మొదటి చలికాలపు గ్లాకస్ ముక్కు గులాబీ రంగు, కొస మాత్రం సిరాలో ముంచి తీసినట్టు నలుపు. ఒళ్లు భారీ. ఐస్‌లాండ్ గల్ చిన్నది, తల గుండ్రం, ముక్కు పొట్టి, ఆ వయసులో ఆ ముక్కు చాలావరకు ముదురు రంగు. నిలబడినప్పుడు రెక్కలు తోక దాటి బాగా పొడుచుకొస్తాయి. చలికాలం చివర్లో హెర్రింగ్ పిల్లల ఈకలు ఎండకి వెలిసిపోయి జనాన్ని మోసం చేస్తాయి. అప్పుడు రంగుని నమ్మకూడదు, ముక్కూ తల ఆకారమూ చూడాలి.

మబ్బు పట్టిన రోజు నయం. ఎండలో వీపు మీది బూడిద రంగు ఛాయలు తేలిపోతాయి. కారులోంచి చూస్తే పక్షులు బెదరవు గానీ హీటరు ఆపేయాలి. కిటికీ దించగానే లోపలి వేడిగాలి బయటి చల్లగాలితో కలిసి టెలిస్కోపులో బొమ్మ అలలు అలలుగా కదులుతుంది. మనం సగం ఊహించుకుని పేరు పెట్టేస్తాం.

ఈశాన్య గాలి గట్టిగా వీస్తే రాక్‌పోర్ట్ దగ్గరి ఆండ్రూస్ పాయింట్ వైపు కిటివేక్‌లు అనే మరో రకం గల్ పక్షులు దగ్గరగా వస్తాయి. వాటి పిల్లకి రెక్కల మీద నల్లటి అడ్డపట్టీలు, మెడ వెనక నల్లపట్టీ ఉంటాయి. పెద్దదాని రెక్క కొసలు తెల్లచుక్క లేకుండా నిండు నలుపు. అమ్మా, ఆ రాళ్ల మీదికి ఎవరూ దిగరు. నీటి అంచున నల్లగా మెరిసే పాచి, దాని మీద మంచు. నాచు గీతకి పైన పొడిరాయి మీదో, కారు పక్కనో నిలబడి చూస్తాం. చేతికి రెండు జతల గ్లవ్స్, పైది తీస్తే లోపలి పల్చటిదానితో ఫోకస్ తిప్పొచ్చు.

ఏదో ఒకనాటికి అరుదైనది తగులుతుందనే ఆశ ఉత్తదేం కాదు. సైబీరియాలో గుడ్లు పెట్టే రాస్ గల్ 1975లో న్యూబరీపోర్ట్ దగ్గర కనబడింది. 2009 జనవరిలో గ్లాస్టర్‌కి ఐవరీ గల్ వచ్చింది. బోనపార్ట్ గల్ గుంపులో ముక్కు ఎర్రగా, రెక్క అడుగున కొసలు నల్లగా ఉన్నది ఉంటే అది బ్లాక్ హెడెడ్ గల్. దాన్నీ వదలకూడదు.

తమ్ముడు బైనాక్యులర్ కొంటానన్నాడట, 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) తీసుకోమనండి. పెద్దవి బరువు, చెయ్యి వణుకుతుంది.

బ్యాంకు కాగితాలు సంతకం పెట్టి పంపాను, అందగానే చెప్పండి. మీ బీపీ మాత్రలు అయిపోవస్తున్నాయేమో చూసుకోండి.