పీహెచ్‌డీ అంశం ఎవరు ఎంచుతున్నారు?

సంపాదకులకు,

పీహెచ్‌డీల నాణ్యత పడిపోయిందని అందరూ వాపోతున్నారు. అసలు అంశం ఎలా ఖరారవుతోందో మాత్రం ఎవరూ అడగరు. నల్లగొండలో నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేసి రిటైరైనవాడిని కనుక, తాగునీటిలో ఎక్కువైతే పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరైడ్ సంగతే చెబుతాను.

ఏటా రసాయనశాస్త్ర విద్యార్థులు మర్రిగూడ వైపు బోరు నీళ్లు పట్టుకుని పరీక్షకు వచ్చేవారు. ఫ్లోరైడ్ నమూనాకు గాజు సీసా పనికిరాదు, ప్లాస్టిక్‌దే తేవాలని కొందరికి మేమే చెప్పాల్సి వచ్చేది. అంశం దాదాపు అందరిదీ ఒకటే: ఏదో ఒక పొడి కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడం. వేపాకు అయిపోతే మునగ గింజ, అదీ అయిపోతే చింతగింజ. ‘‘ఇదే ఎందుకమ్మా?’’ అని ఒకమ్మాయిని అడిగాను. ‘‘మా గైడు గారి దగ్గర పరికరం ఉంది సార్, మూడేళ్లలో రెండు పేపర్లు వచ్చేస్తాయి’’ అంది. ఆమెను తప్పుపట్టలేం. కానీ ఆ పొడుల్లో ఒక్కటైనా ఏ ఊరి ట్యాంకు దాకా వచ్చినట్టు నేను చూడలేదు.

వెనకటి పరిశోధనలు ఇలా మొదలవలేదు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ ఫ్లోరైడ్ జబ్బును (ఫ్లోరోసిస్) గుర్తించి రాసినవారు రోగులను కళ్లారా చూసిన వైద్యులు. 1970లలో జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు మా జిల్లాలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లలను చూశారు. జొన్న తిండికీ, సాగర్ కట్టాక పైకొచ్చిన భూగర్భ జలాలకూ దీంతో సంబంధం ఉందేమోనని వెతికారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీటిని శుద్ధిచేసే నాగపూర్ నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వారి పద్ధతికైతే నల్లగొండ పేరే ఉంది.

ఇప్పుడు కృష్ణా నీళ్లు కుళాయిల్లో వస్తున్నాయి, సంతోషం. మరి చిన్నప్పుడు బోరు నీళ్లు తాగి ఇప్పుడు యాభై దాటినవారి నడుములు ఎలా ఉన్నాయి? అవే బోర్ల కింద పండే కూరగాయల్లో ఫ్లోరైడ్ ఎంత? ఊళ్లలో పెట్టిన శుద్ధి యంత్రాలు ఎందుకు మూలపడ్డాయి? ఈ చివరిది తేల్చాలంటే పంపు ఆపరేటరునీ, సర్పంచునీ, మరమ్మతుకు డబ్బు లేదనే పంచాయతీ కార్యదర్శినీ కూర్చోబెట్టి మాట్లాడాలి. అంత తిరుగుడుకు పేపరు త్వరగా రాదు. పేపరు అచ్చయితేనే పట్టా అన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసినా, ఉద్యోగాల దగ్గర లెక్క ఇంకా పేపర్లదే.

అంశం ఖరారు చేసే కమిటీలో జిల్లా ఆసుపత్రి ఎముకల డాక్టరునో, నీటి సరఫరా ఇంజినీరునో ఒకరిని కూర్చోబెట్టాలి. ఇంకో మాట. మా ప్రయోగశాలలో బోరువారీగా, తేదీలతో పాత పరీక్షల రిజిస్టర్లు ఉండేవి. నా సర్వీసులో వాటిని అడిగిన పరిశోధకుడు లేడు. చెదలు పట్టకముందే ఎవరైనా తీసుకుంటే మొదటి ఏడాది పని సగం తప్పుతుంది.

– విశ్రాంత ప్రయోగశాల ఉద్యోగి, నల్లగొండ