పర్వతం గురించిన వ్యాసంలో పర్వతం కనిపించాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

భూగోళశాస్త్రం బోధించే ఉపాధ్యాయురాలిగా, విద్యార్థులు ప్రాజెక్టుల కోసం ఇంటర్నెట్‌లోని తెలుగు విజ్ఞాన సర్వస్వాల నుంచి రాసుకొచ్చే సమాచారాన్ని తరచూ చదువుతుంటాను. పర్వతాల విషయానికి వచ్చేసరికి ఎత్తు, ఎక్కినవారి పేర్లు, తేదీలు మాత్రం ఉంటాయి. ఆ ఎత్తు ఎలా తేలిందో, ఆ కొండ ఏ రాతితో ఏర్పడిందో ఉండదు. ఎవరెస్టు వ్యాసాన్నే ఉదాహరణగా తీసుకుని, ఇలాంటి వ్యాసాలను ఎలా మెరుగుపరచవచ్చో మీ పత్రిక ద్వారా పాఠకుల ముందుంచుతున్నాను.

ముందుగా ఎత్తు సంగతి. 8,848, 8,850, 8,844 మీటర్లని రకరకాలుగా కనిపించే అంకెల్లో ఏది తప్పని పిల్లలు అడుగుతారు. నిజానికి ఇవేవీ అచ్చుతప్పులు కావు, వేర్వేరు కాలాల్లో వేర్వేరు పద్ధతుల్లో తీసిన కొలతలు. మొదటిది 1955లో భారత సర్వే విభాగం తేల్చినది. రెండోది 1999లో ఒక అమెరికన్ బృందం ఉపగ్రహ పరికరాలతో కొలిచినది. మూడోది 2005లో చైనా శిఖరం మీది మంచును వదిలేసి రాతి వరకే లెక్కించినది. 2015 నాటి నేపాల్ భూకంపం వల్ల ఎత్తు మారి ఉండవచ్చన్న సందేహం వచ్చాక, 2019లో నేపాల్ సర్వేయర్లు, 2020లో చైనా బృందం శిఖరానికి చేరి కొలిచారు. చివరకు 2020 డిసెంబరు 8న రెండు దేశాలూ కలిసి 8,848.86 మీటర్లని ప్రకటించాయి. ఇది మంచుతో కలిపిన ఎత్తు. ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు, మంచుతోనా రాతి వరకేనా అన్న మూడు ముక్కలు అంకె పక్కన రాస్తే పిల్లల సందేహం అక్కడికక్కడే తీరిపోతుంది.

వీటన్నిటికంటే ముందు, పందొమ్మిదో శతాబ్దంలో జరిగిన తొలి కొలత కథ ఇంతకంటే వివరంగా రాయదగినది. నేపాల్ అప్పట్లో సర్వే బృందాలను రానివ్వకపోవడంతో, వంద మైళ్లకు పైబడిన దూరాన, మైదానాల్లో పెద్ద పెద్ద థియోడొలైట్లు (కోణాలు కొలిచే పరికరాలు) నిలిపి శిఖరం కనిపించే కోణాలను నమోదు చేశారు. గాలి పొరల్లో కాంతి వంగడం వల్ల దూరపు శిఖరం ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది కనుక ఆ తేడాను లెక్కగట్టి తీసివేయాలి. సర్వే విభాగంలో ప్రధాన గణకుడైన రాధానాథ్ సిక్దర్ 1852లో ఆ లెక్కలు చేశారు. 1856లో 29,002 అడుగులని ప్రకటించారు. అంత దూరం నుంచి కోణాలు చూసి తేల్చిన ఆ ఎత్తుకూ నేటి ఎత్తుకూ తేడా పది మీటర్లు కూడా లేదు. పదో తరగతి త్రికోణమితికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఇక, సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉండగా ఆ కొండ కింద సముద్రమట్టం ఎక్కడుందని ఎలా చెబుతారన్నది మరో ప్రశ్న. హిమాలయాల భారం ఓలంబాన్ని (నిలువు దిశను చూపే, బరువు కట్టిన దారాన్ని) కూడా తన వైపు లాగుతుంది. అందుకే గురుత్వాకర్షణను కొలిచి ఆ మట్టాన్ని లెక్కించాల్సి వస్తుంది. ఈ ఒక్క సంగతికే వ్యాసంలో ఒక పేరా కేటాయించడం సమంజసం.

శిఖరాగ్రాన ఉన్నది సున్నపురాయి. సుమారు 45 కోట్ల ఏళ్ల నాటి ఆర్డోవిషియన్ యుగపు సముద్రంలో పేరుకున్న ఆ రాతిలో ట్రైలోబైట్ల వంటి సముద్రజీవుల శిథిలాలు నేటికీ దొరుకుతాయి. భూమి పైపొరలో కదిలే పెద్ద ముక్కల్లో ఒకటైన భారత ఫలకం ఆసియాను ఢీకొనడంతో ఆ సముద్రపు అడుగే ప్రపంచపు కొమ్ముగా లేచిందన్న సంగతి వ్యాసం మొదటి పేరాల్లోనే రావాలని నా అభిప్రాయం. సగర్‌మాథా, చోమోలుంగ్మా అన్న స్థానిక నామాలు కూడా అక్కడే ఉండాలి.

ఆరోహణ చరిత్రను తగ్గించమని నేను కోరడం లేదు. 1953 మే 29 నాటి టెన్జింగ్, హిల్లరీల విజయం తప్పక ఉండాల్సిందే. అయితే తాళ్లు కట్టి, నిచ్చెనలు వేసి, బరువులు మోసే షెర్పాలకు అందులో చోటేదీ? 2014 ఏప్రిల్ 18న ఖుంబూ ఐస్‌ఫాల్ (హిమనది వాలుగా దిగుతూ పగుళ్లు బారే చోటు) దగ్గర మంచుచరియలు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు మరణించారు. నేపాల్ వైపు ఆ ఏటి ఆరోహణలు దాదాపుగా ఆగిపోయాయి. అదే ఏడాది మే 25న మన మాలావత్ పూర్ణ టిబెట్ వైపు నుంచి శిఖరాన్ని చేరుకుంది. అతి పిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన బాలికగా ఆమె రికార్డును రాసేవారు ఆ దుర్ఘటనను కూడా పక్కనే రాస్తే, ఆ ఏడాది ఆ కొండ మీద ఏం జరిగిందో చదివేవారికి పూర్తిగా అర్థమవుతుంది.

ఇంగ్లీషు వ్యాసాన్ని యంత్రానువాదంతో దించేస్తే ఈ పని పూర్తి కాదు. ప్రతి అంకెకూ ఆధారం చూపాలి. వీలైతే ఆ ఆధారం తెలుగులో ఉండాలి. అక్కడే మీ సహాయం కావాలి. పర్వతారోహణలు, భూకంపాలు, సర్వేల గురించి మీ పాత సంచికల్లో వచ్చిన వార్తలను తేదీలవారీగా వెతుక్కునే వీలుతో ఇంటర్నెట్‌లో ఉంచవలసిందిగా కోరుతున్నాను. అవి అందుబాటులోకి వస్తే, మా పాఠశాల పై తరగతుల విద్యార్థులతో ఈ వ్యాసాన్ని దిద్దించే పనిని నేనే మొదలుపెడతాను.

ఇట్లు,
ఒక భూగోళశాస్త్ర ఉపాధ్యాయురాలు