ఆదివారం ఫ్యూయల్ పంప్ పని: అందరూ చదవండి

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం ఉదయం 9 గంటలకు మన మామూలు షెడ్డులోనే కలుద్దాం. కార్బురేటర్ (ఇంజన్‌కి పెట్రోల్, గాలి కలిపి ఇచ్చే భాగం) ఉన్న పాత కార్ల ఫ్యూయల్ పంపులు విప్పి చూడటమే పని.

బయల్దేరే ముందు డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి వాసన చూడండి. ఆయిల్లో పెట్రోల్ వాసన వస్తే పంపులో డయాఫ్రం (పెట్రోల్‌ని తోసే రబ్బరు పొర) చిరిగి ఉండొచ్చు. అలాంటి బండిని అస్సలు స్టార్ట్ చేయకండి, లాగించుకుని రండి. పలచబడిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది. నాకిది అనుభవమే, చెప్పుకోవాలంటే సిగ్గు!

రిపేర్ కిట్ కొనేటప్పుడు ఇథనాల్ కలిసిన పెట్రోల్‌ని తట్టుకునే రబ్బరేనా అని అడగండి. ఏళ్ల తరబడి మూలన పడున్న పాత స్టాకు వద్దు.

ఎలక్ట్రిక్ పంపు పెట్టించాలనుకునేవాళ్లకు ఒక మాట: కార్బురేటర్‌కి మామూలుగా 2 నుంచి 4 పీఎస్‌ఐ ఒత్తిడి చాలు. ఇంజెక్షన్ కారు (కార్బురేటర్ లేని కొత్త రకం) పంపు ఒత్తిడి చాలా ఎక్కువ, అది తెచ్చి బిగిస్తే కార్బురేటర్లో పెట్రోల్ పొంగిపోతుంది.

ట్యాంకు నిండా పోయించుకుని రావద్దు. గాస్కెట్, ఫిల్టర్, క్లిప్పులు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ నేను తెస్తాను. బ్యాటరీ నెగటివ్ వైరు తీశాకే స్పానర్ పట్టండి. సిగరెట్ మాత్రం గేటు బయటే.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా మోడల్, సంవత్సరం ఇక్కడే పెట్టండి.