రాయపురంలో ఒకసారి దిగు

చిరంజీవి సుమకు,
అమ్మ ఆశీస్సులు.

హాస్టల్ కుదిరిందని, రోజూ మద్రాసు బీచ్ స్టేషన్లో ఎలక్ట్రిక్ ట్రైన్ ఎక్కి గుమ్మిడిపూండి వైపు ఆఫీసుకు వెళ్తానని చెప్పావు కదా. బీచ్ తర్వాత మొదట వచ్చేది రాయపురం. ఫోన్ చూసుకుంటూ దాన్ని దాటేయకమ్మా.

మద్రాసులో చూడదగ్గ స్టేషన్లంటే సెంట్రల్, ఎగ్మూరేనంటారు అందరూ. అవి అందమైనవే, కాదనను. కానీ సెంట్రల్ వచ్చింది 1873లో, ఎగ్మూరు 1908లో. రాయపురం ఆ రెండింటికీ అమ్మమ్మ. 1856 జూన్ 28న గవర్నరు లార్డ్ హారిస్ ప్రారంభించాడు. జులై 1 నుంచి ఆర్కాటు దగ్గరున్న వాలాజా రోడ్డు స్టేషన్ దాకా రైళ్ళు నడిచాయి. దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు అదే. బొంబాయిలో, హౌరాలో అంతకుముందే రైళ్ళు మొదలైనా, ఆనాటి ఆ స్టేషన్ల కట్టడాలు ఇప్పుడు లేవు. ఇది నిలిచింది.

దీనికి గోపురాల్లేవు, గుమ్మటాల్లేవు. వరసగా ఎత్తైన గుండ్రటి స్తంభాలు, వాటి వెనక విశాలమైన హాలు, అంతే. రాజాజీ హాలు దగ్గర చూశావే, ఆ గ్రీకు పద్ధతే. రైలు స్టేషన్ ఎలా ఉండాలో ఈ ఊళ్ళో అప్పటికెవరికీ తెలియదు. అందుకే తమకు తెలిసిన దొరల బంగళాల తీరులోనే దీన్నీ కట్టారనిపిస్తుంది నాకు. కోటకూ రేవుకూ దగ్గరని ఈ చోటు ఎంచుకున్నారు.

తర్వాత సెంట్రల్ పెద్దదైంది. రాయపురంలో ఉన్న మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ప్రధాన కార్యాలయం 1922లో ఇక్కడి నుంచి వెళ్ళిపోయింది. చాలా ఏళ్ళు పట్టించుకున్నవాళ్ళు లేరు. మీ తాతయ్య హార్బర్లో పనిచేసే రోజుల్లో మేం ఆ పక్కనే ఉండేవాళ్ళం. పెచ్చులూడిన గోడలు చూస్తే కడుపు తరుక్కుపోయేది. 2005లో బాగుచేశారని తెలిసి ఎంత సంతోషించానో.

అలాగని దాన్ని మ్యూజియం చేసి తాళం వేస్తే మాత్రం నేనొప్పుకోను. కాశిమేడు నుంచి చేపల బుట్టలతో వచ్చేవాళ్ళూ, పొద్దున్నే ఆఫీసులకు పరిగెత్తేవాళ్ళూ అక్కడ రైలెక్కుతూనే ఉండాలి. స్టేషన్ స్టేషన్‌గానే బతకాలి.

రైల్లోంచి చూస్తే చాలదు. దిగి, రోడ్డు వైపు వెళ్ళి ముందు భాగం చూడు. వచ్చే నెల నాన్న ఆవకాయ, కందిపొడి తీసుకుని వస్తారు. ఆ ఆదివారం ఖాళీ పెట్టుకో, ఇద్దరూ కలిసి వెళ్ళిరండి. ఫొటోలు పంపడం మర్చిపోకు.

ఉంటాను,
అమ్మ