దివాణం కూలకముందే కదలండి
విజయనగరం జిల్లాలోని మా ఊరి పాత జమీందారీ దివాణం ఈ వానాకాలం దాటేలా లేదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాక దాన్ని పట్టించుకున్నవారు లేరు. మొన్న ఆదివారం లోపలికెళ్లి చూశాను. మా తాత శిస్తు కట్టి రసీదు తెచ్చుకున్న కచేరీ సావిడి గోడను రావిచెట్టు వేళ్లు నిలువునా చీల్చేశాయి, చెయ్యి దూరేంత సందు! టేకు గుమ్మాలు ఎవరో పెకలించుకుపోయారు. ఆ చోట గానుగ సున్నం పొడిపొడిగా రాలుతోంది. పిల్లలు అక్కడే దాగుడుమూతలు ఆడుతుంటే చూసేవాళ్లకే టెన్షన్. ముందు కంచె వేయాలి, వేళ్లు తీయించాలి. మరమ్మతు సున్నంతోనే చేయాలి. సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి పాత ఇటుక పాడవుతుంది. 1960 నాటి రాష్ట్ర పురావస్తు చట్టం కింద దీన్ని రక్షిత కట్టడంగా ప్రకటించాలి.
– ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా